గడువు తీరిన నాడు బోర్డు లేదు: కాలిఫోర్నియా నర్సుల లైసెన్సులపై చట్టసభ తనిఖీ తీరు

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో రిజిస్టర్డ్ నర్సుల బోర్డు 2012 జనవరి 1న చట్టపరంగా లేకుండా పోయింది. మూడున్నర లక్షల మందికి పైగా నర్సుల లైసెన్సులు ఆ బోర్డు అధీనంలో ఉండేవి. దానిని ప్రభుత్వం రద్దు చేయలేదు, న్యాయస్థానం కొట్టివేయలేదు. చట్టంలో రాసి ఉన్న గడువు తీరింది. దానిని పొడిగించవలసిన బిల్లు చట్టం కాలేదు. ఆ తర్వాత ఆరు వారాలకు పైగా, నర్సులపై క్రమశిక్షణ చర్యలను ఓటుతో ఖరారు చేయవలసిన సభ్యులే ఆ రాష్ట్రంలో లేరు. ఫిబ్రవరి 14న మరో చట్టం అమలులోకి వచ్చాకే బోర్డు మళ్లీ ఏర్పడింది.

నర్సింగ్ పూర్తిచేసి అమెరికా ప్రయత్నాలలో ఉన్న మన జిల్లాల యువతులకు, వారి తల్లిదండ్రులకు ఈ బోర్డుల పేర్లు కొత్త కాదు. అక్కడ నర్సుగా పనిచేయాలంటే కేంద్ర ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు అంటూ ఉండదు. ఏ రాష్ట్రంలో పనిచేయదలిస్తే ఆ రాష్ట్రం గుర్తించే లైసెన్సు పొందవలసిందే. అయితే లైసెన్సు ఇచ్చే బోర్డుకు కూడా ఒక కాలపరిమితి ఉంటుందని, అది చట్టసభ ముందు నిలబడి తన మనుగడకు కారణం చెప్పుకోవలసి ఉంటుందని తెలిసినవారు తక్కువ. ఆ ఏర్పాటు ఎలా పుట్టింది, ఎలా పనిచేస్తుంది, ఎక్కడ విఫలమైంది అన్నది కాలిఫోర్నియా అనుభవం చూస్తే స్పష్టంగా అర్థమవుతుంది.

బోర్డు స్వరూపం

కాలిఫోర్నియాలో నర్సుల నమోదుకు తొలి చట్టం 1905లో వచ్చింది. అప్పట్లో పరీక్షలు పెట్టి పేర్లు నమోదు చేసే బాధ్యతను రాష్ట్ర విశ్వవిద్యాలయ పాలకమండలికి అప్పగించారు. 1913లో ఆ పని రాష్ట్ర ఆరోగ్య బోర్డు పరిధిలోకి మారింది. 1939లో వచ్చిన నర్సింగ్ వృత్తి చట్టమే అనేక సవరణలతో నేటి వ్యవస్థకు మూలం. బోర్డు ఇప్పుడు రాష్ట్ర వినియోగదారుల వ్యవహారాల విభాగంలో భాగంగా శాక్రమెంటో నుంచి పనిచేస్తోంది. నర్సుల బోర్డు వినియోగదారుల విభాగం కింద ఎందుకున్నదని పాఠకులకు అనుమానం రావచ్చు. అక్కడి చట్టం దృష్టిలో బోర్డు ప్రథమ కర్తవ్యం ప్రజల రక్షణ. నర్సుల ప్రయోజనం, ప్రజల రక్షణ ఒకదానికొకటి అడ్డువస్తే ప్రజల రక్షణకే పెద్దపీట వేయాలని చట్టం విస్పష్టంగా చెబుతోంది. ఇది నర్సుల సంఘం కాదు, రోగి పక్షాన కాపలా కాయవలసిన సంస్థ.

బోర్డులో 9 మంది సభ్యులు ఉంటారు. వీరిలో 5 మంది నర్సులు: ఇద్దరు నేరుగా రోగుల సేవలో ఉన్నవారు, ఒకరు ఉన్నత శ్రేణి ప్రాక్టీసు నర్సు, ఒకరు నర్సింగ్ అధ్యాపకులు, ఒకరు నర్సింగ్ సేవల నిర్వాహకులు. మిగిలిన 4 మంది వృత్తితో సంబంధం లేని సామాన్య పౌరులు. 7 మందిని గవర్నరు, ఒకరిని సెనేట్ నియమాల సంఘం, ఒకరిని అసెంబ్లీ స్పీకరు నియమిస్తారు. పదవీకాలం 4 ఏళ్లు. వరుసగా రెండు విడతలకు మించి కొనసాగే వీలు లేదు. రెండేళ్లకోసారి లైసెన్సు పునరుద్ధరించుకునే ప్రతి నర్సు 30 గంటల కొనసాగింపు విద్య పూర్తి చేయాలి.

బోర్డు ఖర్చులకు రాష్ట్ర సాధారణ బడ్జెట్ నుంచి నిధులు రావు. నర్సులు చెల్లించే రుసుములే దాని ఆదాయం. ఇక్కడొక విశేషం చెప్పుకోవాలి. ఆర్థిక సంక్షోభం నాటి సంవత్సరాలలో ఆ రాష్ట్ర ప్రభుత్వం తన లోటు పూడ్చుకోవడానికి బోర్డు నిధి నుంచి అప్పు తీసుకుంది. ఖర్చు తగ్గించేందుకు రాష్ట్ర ఉద్యోగులను నెలకు కొన్ని రోజులు జీతం లేకుండా ఇళ్లకు పంపినప్పుడు, సొంత ఆదాయంపై నడిచే ఇటువంటి బోర్డుల సిబ్బందినీ వదల్లేదు. ఒకవైపు దర్యాప్తు చేసేవారు చాలక ఫిర్యాదులు పేరుకుపోతుంటే, నర్సులు కట్టిన సొమ్ము మరోచోటికి మళ్లింది.

సూర్యాస్తమయ నిబంధన ఎక్కడిది?

అమెరికాలో దీనిని సన్‌సెట్ చట్టం అంటారు. సూర్యుడు అస్తమించినట్టు, నిర్ణీత తేదీకి సంస్థ తనంతట తాను అస్తమిస్తుంది. చట్టసభ పనిగట్టుకుని పొడిగిస్తేనే మర్నాడు దానికి ఉనికి. మామూలుగా ఒక ప్రభుత్వ సంస్థను రద్దు చేయాలంటే దానికోసం ప్రత్యేకంగా చట్టం చేయాలి. ఎవరూ పట్టించుకోకపోతే అది అలాగే సాగిపోతుంది. సన్‌సెట్ పద్ధతి ఈ లెక్కను తిరగేసింది. ఎవరూ పట్టించుకోకపోతే సంస్థ పోతుంది. కనుక పట్టించుకోక తప్పదు.

ఈ తరహా చట్టాన్ని మొదట చేసిన రాష్ట్రం కొలరాడో. 1976లో కామన్ కాజ్ అనే పౌర సంస్థ చొరవతో అక్కడ ఇది రూపుదిద్దుకుంది. మరుసటి ఏడాదే టెక్సాస్ అనుసరించింది. కొద్ది ఏళ్లలో దేశంలోని సగానికి పైగా రాష్ట్రాలు ఏదో ఒక రూపంలో ఇటువంటి ఏర్పాటు చేసుకున్నాయి. కాలిఫోర్నియా ఆలస్యంగా మేల్కొంది. వృత్తుల లైసెన్సు బోర్డులన్నింటికీ గడువు పెడుతూ, ఉభయ సభల సంయుక్త సమీక్షా సంఘాన్ని ఏర్పరుస్తూ 1994లో చట్టం చేసింది. తర్వాతి కాలంలో ఆ పని సెనేట్, అసెంబ్లీలలోని వ్యాపార, వృత్తి వ్యవహారాల సంఘాలకు చేరింది. ఈ రెండు సంఘాలు కలిసి కూర్చుని విచారణ జరుపుతాయి.

విచారణ ఒక్కరోజు తంతు కాదు. ముందుగా బోర్డు తన పనితీరుపై సవివరమైన నివేదిక సమర్పించాలి. ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, లైసెన్సు ఇవ్వడానికి ఎన్ని రోజులు పట్టింది, ఎన్ని ఫిర్యాదులు అందాయి, ఒక్కొక్కటి ఏ దశలో ఎంతకాలం ఆగింది, నిధిలో నిల్వ ఎంత, ఖాళీ పోస్టులెన్ని, గత సమీక్షలో చెప్పిన లోపాలలో ఏవి సరిదిద్దారు అన్న ప్రశ్నలన్నింటికీ అంకెలతో జవాబు ఇవ్వాలి. సంఘాల సిబ్బంది ఆ నివేదికను చదివి, సమస్యలకు వరుస సంఖ్యలు వేసి నేపథ్య పత్రం తయారుచేస్తారు. బహిరంగ విచారణలో బోర్డు అధ్యక్షులు, కార్యనిర్వహణాధికారి సభ్యుల ప్రశ్నలకు సమాధానాలు చెబుతారు. నర్సుల సంఘాలు, ఆసుపత్రుల యాజమాన్యాలు, నర్సింగ్ కళాశాలలు, సామాన్య పౌరులు కూడా మాట్లాడవచ్చు. ఆ తర్వాతే పొడిగింపు బిల్లు కదులుతుంది. ఆ పత్రాలన్నీ ఎవరైనా చదువుకునేలా బహిరంగంగా ఉంటాయి. బోర్డు గురించి తెలుసుకోదలచినవారికి అంతకు మించిన ఆధారం మరొకటి దొరకదు.

మూడేళ్ల అయిదు నెలలు

ఇంత పకడ్బందీ ఏర్పాటు ఉండి కూడా అసలు లోపం ముందుగా బయటపడింది చట్టసభలో కాదు, పత్రికలో. ప్రొపబ్లికా అనే పరిశోధనాత్మక వార్తా సంస్థ, లాస్ ఏంజెలెస్ టైమ్స్ దినపత్రిక కలిసి 2008, 2009 సంవత్సరాలలో ఈ బోర్డు దస్త్రాలను తవ్వి తీశాయి. ట్రేసీ వెబర్, చార్లెస్ ఆర్న్‌స్టీన్ అనే విలేకరులు ఈ పనికి సారథ్యం వహించారు. నేరాలు రుజువై శిక్షలు పడిన నర్సులు కొందరు లైసెన్సులతో యథావిధిగా కొనసాగుతున్నారని 2008లో వారు వెల్లడించారు. 1990కి ముందు లైసెన్సు పొందినవారి వేలిముద్రలు బోర్డు వద్ద లేకపోవడం ఇందుకు ఒక కారణం. వేలిముద్రలు ఉంటేనే అరెస్టయిన సమాచారం పోలీసు యంత్రాంగం నుంచి నేరుగా బోర్డుకు చేరుతుంది. ఆ కథనాల తర్వాత పాత లైసెన్సుదారులందరూ వేలిముద్రలు ఇవ్వాలని నిబంధన తెచ్చారు.

2009 జులైలో వెలువడిన కథనం అంతకంటె తీవ్రమైనది. ఒక నర్సుపై ఫిర్యాదు అందిన నాటి నుంచి దర్యాప్తు జరిపి కేసు ముగించడానికి సగటున 3 ఏళ్ల 5 నెలలు పడుతోందని ఆ పత్రిక లెక్క తేల్చింది. ఆ మూడేళ్లూ సదరు నర్సు చేతిలో చెల్లుబాటయ్యే లైసెన్సు ఉంటుంది. ఒక ఆసుపత్రిలో తొలగిస్తే మరో ఆసుపత్రిలో చేరవచ్చు. కొత్త యాజమాన్యం బోర్డు జాబితాలో పేరు చూసుకుంటే ఎటువంటి మచ్చా కనిపించదు. మత్తుమందులు దొంగిలించినవారు, రోగులపై చేయి చేసుకున్నవారు, నిర్లక్ష్యంతో ప్రాణం మీదికి తెచ్చినవారు ఈ వెసులుబాటుతో ఒక చోటి నుంచి మరో చోటికి మారినట్లు ఆ కథనాలు ఉదాహరణలతో సహా వివరించాయి.

కథనం ఆదివారం వెలువడింది. సోమవారం నాటికి అప్పటి గవర్నరు ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ బోర్డు సభ్యులలో ఎక్కువమందిని మార్చివేశారు. మంగళవారం కార్యనిర్వహణాధికారి పదవికి రాజీనామా చేశారు.

జాప్యానికి కారణం బోర్డు ఒక్కటే అనడం న్యాయం కాదు. ఫిర్యాదు ప్రయాణం దీర్ఘమైనది. బోర్డు సిబ్బంది ముందుగా పరిశీలిస్తారు. తీవ్రమైనదైతే వినియోగదారుల విభాగంలోని దర్యాప్తు శాఖకు వెళుతుంది. నేరం నిలిచేలా ఉంటే అటార్నీ జనరల్ కార్యాలయం అభియోగ పత్రం దాఖలు చేస్తుంది. నర్సు ఒప్పుకోకపోతే పరిపాలనా న్యాయాధికారి ముందు విచారణ జరుగుతుంది. న్యాయాధికారి ప్రతిపాదించిన తీర్పును చివరికి బోర్డు సభ్యులు ఆమోదించాలి. ప్రతి మజిలీలోనూ ఒక వరుస, ప్రతి వరుసలోనూ ఎదురుచూపు. అత్యవసరమైతే మధ్యంతరంగా లైసెన్సును సస్పెండు చేయించే మార్గం ఉంది, కానీ దానిని కోరవలసిన దర్యాప్తే సాగకపోతే ఆ మార్గం ఉండీ ప్రయోజనం లేదు. ఈ మొత్తం ప్రయాణాన్ని సగటున 18 నెలలకు కుదించాలని 2010 నుంచి ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది.

2011: అందరూ కావాలన్నా ఆగిన బిల్లు

సంస్కరణల నేపథ్యంలోనే 2011లో బోర్డు గడువు సమీక్ష వచ్చింది. బోర్డును పొడిగించడానికి ఎస్‌బీ 538 అనే బిల్లును చట్టసభ ఆమోదించింది. బోర్డు ఉండకూడదని గవర్నరు జెర్రీ బ్రౌన్ కూడా అనలేదు. అయితే దర్యాప్తు వేగం పెంచేందుకు బోర్డు సొంతంగా శాంతిభద్రతల అధికారుల హోదా గల పరిశోధకులను నియమించుకునే ఏర్పాటు ఆ బిల్లులో ఉంది. ఆ హోదా వస్తే వారికి మామూలు ఉద్యోగుల కంటె మెరుగైన ప్రత్యేక పింఛను వర్తిస్తుంది. పింఛన్ల భారం తగ్గించే ప్రయత్నంలో ఉన్న బ్రౌన్ ఈ అంశంపై అభ్యంతరంతో 2011 అక్టోబరులో బిల్లును తిరస్కరించారు. ఆ ఏడాది చట్టసభ సమావేశాలు అప్పటికే ముగిశాయి. కొత్త బిల్లు తెచ్చే వ్యవధి లేదు.

డిసెంబరులో బోర్డుకు, వినియోగదారుల విభాగానికి మధ్య ఒక ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం సిబ్బంది విభాగం అజమాయిషీలో రోజువారీ పనులు కొనసాగించారు. బల్ల దగ్గర గుమస్తా ఉన్నాడు, దస్త్రం ఉంది, దానిపై తుది సంతకానికి అధికారం గల బోర్డు మాత్రం లేదు. రోగుల రక్షణ కోసం పెట్టిన గడువు, రక్షణ యంత్రాంగాన్నే కొన్ని వారాలు నిలిపివేసింది. ఈ సంఘటనను సన్‌సెట్ పద్ధతికి వ్యతిరేకంగా వాదించేవారు ఇప్పటికీ ఉదహరించవచ్చు. పింఛను వివాదానికి, నర్సుల లైసెన్సుకు ఏమిటి సంబంధం? గడువు దగ్గరపడిన బిల్లు ఏదైనా సరే, దానికి ఎవరి కోరికలు వారు తగిలించడానికి అవకాశం ఎక్కువ. ఆగితే సంస్థే పోతుందన్న భయం ఉంటుంది కనుక, ఎదుటివారు లొంగుతారన్న ఆశ.

2012 ఫిబ్రవరిలో ఎస్‌బీ 98 అనే చట్టంతో బోర్డును పునరుద్ధరించారు. గడువు 2016 జనవరి 1గా నిర్ణయించారు.

రెండేళ్లే ఇచ్చి, లెక్కలు తేల్చమన్నారు

2013 అక్టోబరులో మరో చిక్కు వచ్చింది. లైసెన్సుల పని అంతటినీ కంప్యూటరులో సాగించే బ్రీజ్ అనే కొత్త వ్యవస్థను వినియోగదారుల విభాగం ప్రారంభించింది. తొలి విడతలో చేరిన సంస్థలలో నర్సుల బోర్డు ఒకటి. పని సులువు కావడానికి బదులు దరఖాస్తులు పేరుకుపోయాయి. కళాశాల పూర్తిచేసి ఉద్యోగం చేతికి అందిన పట్టభద్రులు పరీక్షకు అనుమతి రాక నెలల తరబడి ఎదురుచూశారు. ఈ ప్రాజెక్టు అంచనా వ్యయం 2.8 కోట్ల డాలర్ల నుంచి 9.6 కోట్ల డాలర్లకు పెరిగిందని రాష్ట్ర ఆడిటరు 2015లో తప్పుపట్టారు.

ఈ పరిస్థితులలో 2015లో మళ్లీ సమీక్ష జరిగినప్పుడు చట్టసభ కొంత కఠినంగా వ్యవహరించింది. పొడిగింపు సాధారణంగా 4 ఏళ్లు ఉంటుంది. ఈసారి 2018 జనవరి 1 వరకు, అంటే రెండేళ్లే ఇచ్చింది. అదే చట్టంలో, బోర్డు క్రమశిక్షణ విభాగం పనితీరును రాష్ట్ర ఆడిటరు తనిఖీ చేయాలని ఆదేశించింది. గడువును ఆయుధంగా వాడిన తీరుకు ఇది మంచి ఉదాహరణ. బోర్డు చెప్పిన అంకెలను బోర్డు నోటనే వినడంతో సరిపెట్టకుండా, వేరొకరిని పంపి దస్త్రాలు తెరిపించారు.

ఆడిటరు నివేదిక 2016 డిసెంబరులో వెలువడింది. 2013 జనవరి నుంచి 2016 జూన్ మధ్య పరిష్కారమైన ఫిర్యాదులలో 40ని ఆడిటరు బృందం పరిశీలించింది. వాటిలో 31 కేసులు 18 నెలల లక్ష్యాన్ని దాటాయి. 15 కేసులకు 36 నెలలకు పైగా పట్టింది. 2009లో పత్రిక రాసిన రోగం ఏడేళ్ల తర్వాత కూడా తగ్గలేదన్న మాట. రోగుల భద్రతకు ముప్పు కలిగించగలవారు ఈ జాప్యం వల్ల విధుల్లో కొనసాగుతున్నారని నివేదిక తలకట్టులోనే పేర్కొన్నారు. మరో లోపాన్నీ ఎత్తిచూపారు. తక్కువ స్థాయి శిక్షణ పొందిన వొకేషనల్ నర్సులకు అక్కడ వేరే బోర్డు ఉంది. వారిని తప్పుడు ప్రవర్తనపై తొలగిస్తే యజమాని ఆ బోర్డుకు తెలియజేయాలని చట్టం చెబుతోంది. రిజిస్టర్డ్ నర్సుల విషయంలో మాత్రం యజమానులకు అటువంటి విధి లేదని ఆడిటరు గుర్తించారు. బాధ్యత ఎక్కువగా ఉన్నవారి గురించే సమాచారం రాకపోవడం విడ్డూరం.

ఈ కథలో అన్నింటికంటె విచారకరమైన అధ్యాయం 2020లో బయటపడింది. ఒక్కో దర్యాప్తు అధికారి చేతిలో 20 కేసులకు మించి ఉండరాదన్నది లక్ష్యం. దానిని సాధించినట్లు ఆడిటరుకు చూపించడానికి బోర్డు ఉన్నతాధికారులు కొందరు కేసులను తాత్కాలికంగా ఇతరుల పేర్లకు మార్చి, తప్పుడు నివేదిక సమర్పించారని రాష్ట్ర ఆడిటరు విచారణలో తేలింది. తనిఖీ తేదీ తెలిసిన నాడు రిజిస్టర్లు నింపడం మన మండల కార్యాలయాలకే పరిమితమనుకునేవారు ఈ నివేదిక చదవవలసిందే. ఇక్కడ మోసపోయింది ఆడిటరు ఒక్కరే కాదు. గడువు పొడిగించాలా వద్దా అని నిర్ణయించే చట్టసభ ఆధారపడేదీ ఇటువంటి అంకెలపైనే. ఆ అంకె అబద్ధమైతే సమీక్ష మొత్తం ఉత్తుత్తి తంతుగా మిగులుతుంది. అదే ఏడాది మరో నివేదికలో, కొత్త నర్సింగ్ కోర్సులకు, సీట్ల పెంపుకు అనుమతి ఇచ్చేటప్పుడు ఆసుపత్రులలో శిక్షణకు చోటు ఉందో లేదో బోర్డు సరైన సమాచారంతో చూడడం లేదని కూడా ఆడిటరు విమర్శించారు.

ఇన్ని జరిగినా బోర్డు పోలేదు. 2017లో చేసిన చట్టం దానిని 2022 వరకు పొడిగించింది. స్వల్ప పొడిగింపు అనంతరం 2022లో ఏబీ 2684 అనే చట్టం గడువును 2027 జనవరి 1గా నిర్ణయించింది. లైసెన్సుదారుల సంఖ్య అప్పటికే 5 లక్షలకు అటూఇటూగా చేరింది. అంతమందికి లైసెన్సు ఇచ్చే సంస్థను నిజంగా మూసివేసే ధైర్యం ఏ చట్టసభకూ ఉండదు. ఆ సంగతి బోర్డుకూ తెలుసు. కనుక గడువు అనే బెదిరింపులో అసలు బలం రద్దులో లేదు, రద్దు పేరిట దస్త్రాలు తెరవవలసి రావడంలో ఉంది. తెరిచిన దస్త్రాన్ని ఎవరు ఎంత శ్రద్ధగా చదివారన్న దాన్ని బట్టి ఫలితం ఉంటుంది.

టెక్సాస్‌లో పన్నెండేళ్లకోసారి

మన తెలుగువారు అధికంగా స్థిరపడిన టెక్సాస్‌లో పద్ధతి వేరు. 1977 చట్టం ప్రకారం అక్కడ సన్‌సెట్ సలహా సంఘం అనే శాశ్వత సంస్థ ఉంది. అయిదుగురు సెనేటర్లు, అయిదుగురు దిగువ సభ సభ్యులు, ఇద్దరు పౌరులు కలిపి 12 మంది ఇందులో ఉంటారు. దానికి సొంత సిబ్బంది ఉన్నారు. సమీక్షకు వచ్చిన సంస్థ ఇచ్చిన నివేదికపైనే ఆధారపడకుండా వీరు నెలల తరబడి స్వయంగా పరిశీలన చేస్తారు. సాధారణంగా ఒక్కో సంస్థ వంతు 12 ఏళ్లకోసారి వస్తుంది.

టెక్సాస్‌లో రిజిస్టర్డ్ నర్సులకు, వొకేషనల్ నర్సులకు విడివిడిగా ఉన్న బోర్డులు 2004లో ఒక్కటయ్యాయి. 2007లో వచ్చిన సన్‌సెట్ చట్టం దానికి టెక్సాస్ నర్సింగ్ బోర్డు అని పేరు పెట్టింది. 13 మంది సభ్యులలో నలుగురు సామాన్య పౌరులు. 2017లో మళ్లీ సమీక్ష జరిగి గడువు 2029కి పొడిగించారు. నర్సుల బిల్లు సాఫీగా సాగిన ఆ ఏడాదే టెక్సాస్ మెడికల్ బోర్డుతో పాటు మానసిక వైద్య, సామాజిక సేవా రంగాల లైసెన్సు బోర్డులు నాలుగు చిక్కుల్లో పడ్డాయి. ట్రాన్స్‌జెండర్లు ఏ మరుగుదొడ్డి వాడాలన్న వివాదాస్పద బిల్లును నెగ్గించుకోవడానికి ఈ బోర్డుల పొడిగింపును ఎగువ సభ నాయకత్వం పట్టుగా వాడుకుంది. సమావేశాలు ముగిసినా పొడిగింపు జరగలేదు. వైద్యులకు లైసెన్సు ఇచ్చే సంస్థ మూతపడకుండా చూసేందుకు గవర్నరు గ్రెగ్ అబట్ జులైలో ప్రత్యేక సమావేశాలు ఏర్పాటు చేయవలసి వచ్చింది. బోర్డుల పొడిగింపు అక్కడ ఆమోదం పొందింది, మరుగుదొడ్ల బిల్లు వీగిపోయింది.

మనకు 1926 నాటి చట్టం

ఆంధ్ర ప్రాంతంలో నర్సులు, మంత్రసానుల నమోదుకు మూలం ఉమ్మడి మద్రాసు రాష్ట్రం నాటి 1926 చట్టం. మన మండలి ఆ పునాదిపైనే ఏర్పడింది. దేశవ్యాప్తంగా విద్యా ప్రమాణాల కోసం 1947లో భారత నర్సింగ్ మండలి చట్టం వచ్చింది. దాని స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ ఏర్పాటుకు పార్లమెంటు 2023 ఆగస్టులో కొత్త చట్టాన్ని ఆమోదించింది. 29 మంది సభ్యుల జాతీయ కమిషన్, రాష్ట్రానికొక కమిషన్, నర్సులందరి వివరాలతో జాతీయ రిజిస్టరు ఇందులోని ముఖ్యాంశాలు. ఏడు దశాబ్దాలకు పైబడిన చట్టాన్ని మార్చడానికి ఇంతకాలం పట్టిందంటే, ఫలానా తేదీకి సమీక్షించి తీరాలన్న నిబంధన లేకపోవడం ఒక కారణం అనుకోవచ్చు. శాసనసభలో ప్రశ్నోత్తరాలు, పద్దులపై చర్చ మనకూ ఉన్నాయి. ఫిర్యాదు చేసిన రోగి బంధువుకు ఎన్ని నెలల్లో జవాబు వచ్చింది, ఎన్ని రిజిస్ట్రేషన్లు సస్పెండు చేశారు అని మండలిని సభా సంఘం ఎదుట కూర్చోబెట్టి అంకెలు అడిగే ఏర్పాటు మాత్రం చట్టంలో గడువుతో ముడిపడి లేదు.

దరఖాస్తు చేసేవారు గమనించవలసినవి

విదేశంలో నర్సింగ్ చదివినవారు కూడా ఎన్‌క్లెక్స్ పరీక్ష నెగ్గవలసిందే. పరీక్షను మన దేశంలోని కేంద్రాలలోనే రాయవచ్చు, అయితే రాయడానికి అర్హత ఇచ్చేది ఏదో ఒక అమెరికా రాష్ట్ర బోర్డు. 2023 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన కొత్త విధానంలో ప్రశ్నలు 85 నుంచి 150 వరకు ఉంటాయి. సమయం గరిష్ఠంగా 5 గంటలు. తప్పితే 45 రోజుల తర్వాతే మళ్లీ రాయాలి. మార్కుల వివరాలు అభ్యర్థి చేతి మీదుగా కాక కళాశాల నుంచి నేరుగా వెళ్లాలని బోర్డులు కోరతాయి. మన కళాశాలల్లో ఈ కాగితం కదలడానికి పట్టే కాలాన్ని ముందే లెక్కలో వేసుకోవడం మంచిది.

కాలిఫోర్నియా బోర్డు దరఖాస్తుకు అమెరికా సామాజిక భద్రతా సంఖ్య గాని, పన్ను చెల్లింపుదారుగా ఇచ్చే గుర్తింపు సంఖ్య గాని అడుగుతుంది. అందువల్ల ఇక్కడి నుంచి మొదటిసారి ప్రయత్నించేవారు చాలామంది ఇతర రాష్ట్రాల బోర్డులను ఎంచుకుంటారు. అనేక రాష్ట్రాలు ఒకరి లైసెన్సును మరొకరు గుర్తించే ఒప్పందంలో ఉన్నాయి. టెక్సాస్ అందులో ఉంది, కాలిఫోర్నియా చేరలేదు. కనుక టెక్సాస్‌లో పనిచేస్తున్న నర్సు కాలిఫోర్నియాకు మారాలంటే అక్కడి బోర్డుకు మళ్లీ దరఖాస్తు చేయాలి. వలస వీసాకు అవసరమైన వీసాస్క్రీన్ ధ్రువపత్రం వేరు, రాష్ట్ర లైసెన్సు వేరు. ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టు కాదు.

దళారుల ద్వారా వెళ్లేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఫ్లోరిడాలోని కొన్ని నర్సింగ్ పాఠశాలలు 7,600కు పైగా నకిలీ డిప్లొమాలు అమ్మినట్లు 2023 జనవరిలో అమెరికా కేంద్ర దర్యాప్తులో బయటపడింది. వాటిని చూపి పరీక్ష రాసినవారిలో దాదాపు 2,400 మంది ఉత్తీర్ణులు కూడా అయ్యారు. తర్వాత పలు రాష్ట్రాల బోర్డులు వారి లైసెన్సుల రద్దుకు చర్యలు ప్రారంభించాయి. ఏ నర్సు లైసెన్సు చెల్లుబాటులో ఉన్నదో, ఎవరిపై అభియోగం దాఖలైనదో బోర్డుల జాబితాలలో ఎవరైనా పేరుతో వెతికి చూసుకోవచ్చు. అందుకు రుసుము లేదు.